‘మమ’ అను పదమునకు లింగము లేదు



విశేష్యమునకు ఏ లింగమో, ఏ వచనమో, ఏ విభక్తియో, విశేషణమునకును అదే లింగము, అదే వచనము, అదే విభక్తి. సంస్కృతము నేర్వబూనిన వారికి మొదటి మాసములోనే ఉపదేశింపబడే నియమమిది. శ్వేతః అశ్వః, శ్వేతా ధేనుః, శ్వేతం పుష్పమ్. అశ్వముచేత అనవలసివచ్చినప్పుడు ‘శ్వేతేన అశ్వేన’ అని తెలుపుదనము కూడ తృతీయావిభక్తిని ధరించవలసినదే. గుణము ద్రవ్యమును ఆశ్రయించి ఉండునని తార్కికులు చెప్పిన మాట వ్యాకరణములో ఈ రూపముగా కనబడుతుంది. ఆశ్రయము ఎటు కదలిన ఆశ్రితము అటు కదలుచున్నది.

ఇది అంత్యప్రాస కాదని ముందే చెప్పుకొనవలెను. చాలమంది అభ్యాసకులు శబ్దము చివరి అక్షరమును చూచి విశేషణమును అతికిస్తారు. ‘ఆత్మా’ అను పదము చివర దీర్ఘమున్నది కదా అని ‘నిత్యా’ అంటారు. ఆత్మశబ్దము పుంలింగము, కనుక ‘ఆత్మా నిత్యః’ అనుటయే సాధువు. భార్య అను ఒకే అర్థమునందు ‘భార్యా’ స్త్రీలింగము, ‘కలత్రమ్’ నపుంసకలింగము, ‘దారాః’ పుంలింగము, అందునా నిత్యబహువచనము. ఇంటిలో ఉన్న ఇల్లాలు ఒక్కతెయే, శబ్దములు మాత్రము మూడు లింగములలో తిరుగుచున్నవి. శబ్దలింగము వేరు, లోకలింగము వేరు అని దీనిని బట్టియే తెలియుచున్నది. ఈ వ్యాసములో తరువాత వచ్చే విషయమునకు ఈ భేదమే మూలము.

ప్రాచీన రోమకుల లాటిన్ భాషలోను నియమము అచ్చముగా ఇటులే ఉన్నది. ‘మంచి’ అను అర్థము గల పదము అక్కడ పురుషునియెడ బోనుస్, స్త్రీయెడ బోనా, నపుంసకమునందు బోనుమ్. కర్షకుడు అను అర్థములోని ‘అగ్రికొలా’ చూపునకు స్త్రీలింగమువలె ఉండును గాని ‘బోనుస్’ అనియే విశేషింపబడును. మన ‘ఆత్మా నిత్యః’ వంటిదే అది. 1786 ఫిబ్రవరి 2వ తేదీన కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషలకు ఒకే మూలము ఉండవలెనని ప్రసంగించినది ఇట్టి సామ్యములను చూచియే. తెలుగు ఆ కుటుంబము కాదని 1816లో క్యాంబెల్ దొర తెలుగు వ్యాకరణమునకు ఎల్లిస్ వ్రాసిన పీఠికవలన లోకమునకు వెల్లడియైనది.

మన తెలుగు విశేషణము కదలదు. మంచి బాలుడు, మంచి బాలిక, మంచి చెఱకు, మంచి బెల్లములకు: ‘మంచి’ యథాతథము. మా మునగపాక ప్రాంతములో శారదానది నీటితో చెఱకు పండించి, పెనములలో పానకము కాచి, బెల్లము అనకాపల్లి బజారునకు పంపే రైతు ‘కొత్త బెల్లం’ అనినను, ‘కొత్త బెల్లానికి’ అనినను ‘కొత్త’లో మార్పు లేదు. కాని క్రియాపదము దగ్గరకు వచ్చుసరికి తెలుగు తన లింగవివేకమును చూపుతుంది. ‘రాముడు వచ్చినాడు’ అంటాము, ‘సీత వచ్చినది’ అంటాము, ‘ఆవు వచ్చినది’ అంటాము. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణములో మహత్తు, అమహత్తు అని చేసిన విభాగమునకు ఇదియే ఆధారము. ఏకవచనములో స్త్రీ అమహత్తుతో చేరి, బహువచనములో ‘వారు వచ్చినారు’ అని పురుషులతో చేరుతుంది. ఇది స్త్రీలను తక్కువ చేసినట్లు లేదా అని పాఠములలో అడుగుతూ ఉంటారు. నాకు మాత్రము దీనిలో మరొకటి తోచును. బ్రహ్మమును గురించి చెప్పునపుడు మనము ‘ఉన్నాడు’ అనము, ‘బ్రహ్మము ఉన్నది’ అంటాము. కొత్త అమావాస్యనాడు అనకాపల్లిలో జాతర జరిగే నూకాంబికను ‘తల్లి ఉన్నది’ అంటాము. తల్లికి, ఆవునకు, పరబ్రహ్మమునకు తెలుగువాడు వాడే క్రియ ఒక్కటే. లింగమును బట్టి గౌరవమును కొలుచువారు ఈ వరుసను కొంచెము ఆలోచింపవలెను.

ఇక సంస్కృతమునందలి ఒక విశేషము. ఇంత కఠినముగా లింగానుసరణము చేసే ఆ భాషలో రెండు శబ్దములకు లింగమే లేదు. అవి అస్మద్, యుష్మద్: నేను, నీవు. అహమ్ అని పురుషుడు అనినను, స్త్రీ అనినను రూపభేదము లేదు. మామ్, మయా, మహ్యమ్, మత్, మమ, మయి, ఎక్కడను లేదు. ‘అతడు’ అనుటకు సః, ‘ఆమె’ అనుటకు సా, ‘అది’ అనుటకు తత్ ఉన్నవి. ఎదుట ఉన్నవానిని ‘త్వమ్’ అని పిలిచిన క్షణమున, తనను తాను ‘అహమ్’ అనుకొనిన క్షణమున ఆ భేదము లేదు. భేదమంతయు ఆ ‘అహమ్’ ప్రక్కన వచ్చి చేరే విశేషణములతో ప్రవేశించుచున్నది. దేహము, వయస్సు, సంబంధము, సుమంగళీత్వము, వైధవ్యము, అన్నియు విశేషణములే.

మా మేనత్త విషయములో ఇది నాకు గ్రంథములోని మాటగా మిగలలేదు. ఆమెది మునగపాకయే. మామయ్య గతించిన పిదప మొదటి కార్తికమాసమది. 40 ఏండ్లకు పైగా ఆ ఇంటిలో నిత్యపూజ మామయ్య చేసేవారు, ఆమె ప్రక్కన కూర్చుండి పూలు, అక్షతలు అందించేది. ఆయన పోయిన తరువాత పూజ మానుటకు ఆమె ఒప్పుకొనలేదు. ఆయన వాడిన పుస్తకమునే ముందు పెట్టుకొని, కూడబలుకుకొంటూ తానే చదువసాగినది. ఒక నాడు నన్ను పిలిచి, నవ్వుతూనే అడిగినది: “ఒరేయ్, ఇందులో ధర్మపత్నీసమేతస్య అని ఉందేటిరా. నాకు పత్ని ఎక్కడిది?”

సంకల్పములోని మాట అది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, దేనికొరకు ఈ కర్మ చేయుచున్నారో దేవునికి విన్నవించుకొనే వాక్యము సంకల్పము. కాలము సప్తమీవిభక్తిలో, దేశము సప్తమీవిభక్తిలో, చేయువాడు షష్ఠిలో ‘మమ’ అని వచ్చును. మా ప్రాంతపు వారు శ్రీశైలమునకు ఈశాన్యమున, గంగాగోదావరుల నడుమ ఉన్నామని చెప్పుకొంటారు. 2022 ఏప్రిల్ 4న మేము విశాఖపట్నము జిల్లానుండి అనకాపల్లి జిల్లాలోనికి వచ్చినాము గాని సంకల్పములో మా చిరునామా మారలేదు. ఆ తరువాత వచ్చే ఒక దీర్ఘసమాసమును శ్రద్ధగా చూడవలెను: ‘ఏవంగుణవిశేషణవిశిష్టాయామ్’. విశేషణమను పారిభాషికపదమే ఆ మాటలో ఉన్నది. ఇట్టి గుణములు, విశేషణములు కలిగిన తిథియందు అని అర్థము. తిథిశబ్దము ఉభయలింగము. ‘తిథౌ’ అను రూపమును చూచి అది పుంలింగమో స్త్రీలింగమో చెప్పలేము, రెండింటను అదే రూపము రావచ్చును. ‘విశిష్టాయామ్’ అను విశేషణము చివరనున్న ‘ఆయామ్’ వినబడినప్పుడే తిథి ఇక్కడ స్త్రీలింగమని తెలియును. విశేష్యము దాచిన దానిని విశేషణము బయటపెట్టినది. ప్రతిదినము లక్షలమంది నోట పలుకబడే ఈ పదములో ఎంత వ్యాకరణమున్నదో తలచినవారు తక్కువ.

‘మమ’కు కూడ ఇదే స్థితి. ‘మమ’ చేసినవాడు పురుషుడో స్త్రీయో ఆ పదము చెప్పదు. ‘గోత్రోద్భవస్య’, ‘నామధేయస్య’, ‘ధర్మపత్నీసమేతస్య’ అను విశేషణములు చెప్పును. ఈ మూడింటి చివరనున్న ‘స్య’ పురుషుని ముద్ర. మా అత్త ఆ పుస్తకము చదివినంతసేపు, ఆమె నోటితో మామయ్యయే సంకల్పము చేసికొనుచున్నారు.

ఆ సమాసమును విప్పి చూపితిని. ‘ధర్మపత్న్యా సమేతస్య’ అని విగ్రహవాక్యము. ధర్మపత్నితో కూడినవానియొక్క అని అర్థము. వాక్యముగా ఉన్నప్పుడు ధర్మపత్నికి తనదైన తృతీయావిభక్తి ఉన్నది. సమాసములో చేరగానే ఆ లోపలి విభక్తి లోపించును, సమాసమంతటికి చివర ఒకే విభక్తి మిగులును. ఆ విభక్తి భర్తయొక్క ‘మమ’ను అనుసరించినది. 40 ఏండ్లు ఆమె ఆ పదము లోపల ఉన్నది. ఉన్నదనుటలో సందేహము లేదు, పదమునకు మొదటి భాగమే ఆమె. కాని ఆమెకంటూ ఒక విభక్తి అక్కడ లేదు. నేను ఇంత చెప్పిన తరువాత ఆమె చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, “అంటే ఇప్పుడు నాకు సొంతంగా ఒకటి కావాలన్నమాట” అన్నది.

ఊరిలోని ఒక పురోహితుని అడుగగా, ఆ ఒక్క పదము వదలి మిగిలినది చదువుకొనవచ్చును, దోషము లేదని చెప్పినారట. శాస్త్రదృష్టితో ఆయన మాటలో తప్పు లేదు. మా అత్తకు అది చాలలేదు. “వదిలేస్తే నేనెవర్నని దేవుడికి చెప్పుకున్నట్టురా?” అను ప్రశ్న ఆమెది. ఆ ప్రశ్న సరియైనదని నా అభిప్రాయము. సంకల్పము ఉన్నదే ‘నేను ఎవరిని’ అని చెప్పుకొనుటకు. అక్కడ ఒక ఖాళీని వదలుమనుట, వ్రాలు చేయవలసిన చోట గీత గీయుమనుట వంటిది.

సంప్రదాయములో ఆ పదములు లేకపోలేదు. స్త్రీ స్వయముగా సంకల్పము చేయునపుడు ‘శ్రీమతః’ అను చోట ‘శ్రీమత్యాః’, గోత్రము చెప్పు చోట ‘గోత్రవత్యాః’ లేక ‘గోత్రోద్భవాయాః’, పేరు చెప్పు చోట ‘నామధేయవత్యాః’ అనుట వాడుకలో ఉన్నదే. ‘సకుటుంబస్య’ అనునది ‘సకుటుంబాయాః’ అగును. ‘మమ’ మారదు. కుటుంబక్షేమమును కోరు భాగములో వచ్చే ‘అస్మాకం సహకుటుంబానామ్’ కూడ మారదు. షష్ఠీబహువచనములో అకారాంత పుంలింగమునకు, ఆకారాంత స్త్రీలింగమునకు రూపము ఒక్కటే. లాటిన్‌లో ఇచ్చట కూడ బోనోరుమ్, బోనారుమ్ అని భేదము నిలిచియుండును. సంస్కృతము మాత్రము నలుగురు కలిసి ‘మాయొక్క’ అనినప్పుడు ఈ పదములలో స్త్రీపుంభేదమును వినిపింపనీయదు. ఈ రూపములను ఒక కాగితముపై పెద్ద అక్షరములతో వ్రాసి పుస్తకములో అంటించితిని.

అంతటితో ఆగినచో ఈ వ్యాసమునకు అవసరము ఉండేది కాదు. ఆ కాగితమును చూచి, రామకోవెలలో ఏకాదశినాటి సాయంత్రము సహస్రనామపారాయణకు వచ్చే స్త్రీలు మరొక మాట లేవనెత్తినారు. పూజాంతమున ఆత్మప్రదక్షిణము చేయునపుడు అందరును చెప్పే ‘పాపోహమ్’ అను మాట సంగతి ఏమని. ‘పాపః అహమ్’ అని పదవిభాగము, పాపః అనునది పుంలింగము. ఆ శ్లోకము దేవునియెడ చెప్పునపుడు చివర ‘శరణాగతవత్సల’ అని పుంలింగ సంబోధనము. వరలక్ష్మీవ్రతము పుస్తకములలో అది ‘శరణాగతవత్సలే’ అని చక్కగా మార్చబడి ఉండును. దేవత స్త్రీమూర్తి కనుక ఆమె విశేషణము స్త్రీలింగమైనది, న్యాయమే. కాని వరలక్ష్మీవ్రతము చేయునది స్త్రీలు. నేను చూచిన ప్రతులలో వారి ‘పాపోహమ్’ మాత్రము పుంలింగముగానే ఉన్నది. దేవత విషయములో సమన్వయము చూచిన కలము భక్తురాలి విషయములో చూడలేదు. ఇది ఏ ఒక్కరి అలక్ష్యమని నేను అనను. స్తోత్రములు పురుషులు రచించినారు, పురుషులు అచ్చువేసినారు, స్త్రీలు కంఠస్థము చేసికొన్నారు. వినేది దేవుడే గనుక ఎవరును అడుగలేదు.

‘పాపాహమ్’ అనవచ్చును, అది సాధురూపమే. ‘పాపసంభవః’ అనునది ‘పాపసంభవా’ అగును. నడుమనున్న రెండు పదములు ‘పాపకర్మా’, ‘పాపాత్మా’ విచిత్రమైనవి. ఇవి బహువ్రీహిసమాసములు, ‘కర్మన్’, ‘ఆత్మన్’ అను నకారాంతశబ్దములు చివర కలవి. ఇట్టి చోట స్త్రీప్రత్యయమగు ఈకారము రాకుండ పాణిని నిషేధించినాడు. కనుక ప్రథమైకవచనములో పురుషుడైనను ‘పాపాత్మా’, స్త్రీయైనను ‘పాపాత్మా’. నాలుగింటిలో రెండు మారును, రెండు మారవు. మారనివాటిలో ఒకటి ఆత్మశబ్దముతో ముగియుచున్నది. దీనిని వేదాంతార్థముగా సాగదీయుట నాకు ఇష్టము లేదు, పాణిని ఆ ఉద్దేశముతో సూత్రము చేయలేదు. అయినను వినినప్పుడు సంతోషము కలిగినదని దాచను.

ఈ సమస్య మనకు మాత్రమే కలిగినది కాదు. మధ్యయుగపు ఐరోపాలో క్రైస్తవగృహస్థులు వాడిన చేవ్రాత ప్రార్థనాగ్రంథములలో మేరీమాతను వేడుకొనే ‘ఓబ్సెక్రో తే’ అను లాటిన్ ప్రార్థన ఒకటి ఉన్నది. కొన్ని ప్రతులలో ప్రార్థించువారు ‘ఫాములో తువో’, అనగా నీ దాసునకు, అని చెప్పుకొందురు. కొన్నింటిలో ‘ఫాములే తువే’, నీ దాసికి, అని ఉండును. ఆ ఒక్క అంత్యాక్షరమును బట్టియే ఆ ప్రతి పురుషునికొరకు వ్రాయబడినదో, స్త్రీకొరకు వ్రాయబడినదో చరిత్రకారులు నిర్ణయింతురు. ఆమె పేరు పోయినది, ఊరు పోయినది, ప్రార్థనలోని ప్రత్యయము మిగిలి సాక్ష్యమిచ్చుచున్నది. ఎవరో ఒక లేఖకుడు ఆమె కొరకు ఆ ఒక్క అక్షరము మార్చి వ్రాసినాడు.

ఆక్షేపణలు రెండు ఉన్నవి, రెండును ఆదరింపదగినవే. మొదటిది, పుంలింగము సామాన్యమును చెప్పుననునది. తల్లిదండ్రులను కలిపి ‘పితరౌ’ అందుము, పితృశబ్దము నిలిచి మాతృశబ్దము తొలగును. దానిని ఏకశేషమందురు. కాని ఏకశేషములో ఇద్దరు ఉన్నారు. ఒంటరిగా దీపము ముందు కూర్చున్న స్త్రీ ‘అహమ్’ అనునపుడు అక్కడ రెండవవారు లేరు, శేషించుటకును తొలగుటకును తావు లేదు. రెండవది భావప్రాధాన్యము. ‘విష్ణాయ’ అన్న పామరునికి, ‘విష్ణవే’ అన్న పండితునికి ఫలము సమానమే, జనార్దనుడు భావమునే గ్రహించునని పెద్దల మాట. కాశీలో వ్యాకరణసూత్రములు వల్లించుచున్న వృద్ధుని చూచి శంకరులు జాలిపడినారన్న కథ కూడ అందరెరిగినదే. శిరసా వహింతును. పలుకలేనివానికి శాస్త్రము చూపిన దయ అది. తనను తాను సరిగా చెప్పుకొనవలెనని కోరునామెకు దానిని అడ్డుగా చూపుట ఆ దయకు తగిన వినియోగము కాదు. మా అత్త అడిగినది పుణ్యాధిక్యము కాదు, తన విభక్తి.

పురుషులు స్త్రీలింగమును కోరి ధరించిన సందర్భములు మన సంప్రదాయములో ఎన్నో ఉన్నవి. నమ్మాళ్వారులు పరాంకుశనాయకిగా, తిరుమంగై ఆళ్వారులు పరకాలనాయకిగా విరహమును పాడుకొన్నారు. తాళ్ళపాక అన్నమాచార్యుల శృంగారసంకీర్తనలలో నాయిక గొంతు వినబడును. పురుషోత్తముడొక్కడే పురుషుడు, జీవులందరును స్త్రీప్రాయులని వారి భావన. అది వారు ఎంచుకొనిన ప్రత్యయము. స్త్రీలకు ‘పాపోహమ్’ ఎవరును ఎంచుకొనుమని చెప్పి ఇచ్చినది కాదు.

సహస్రనామముల దగ్గర ఈ లింగవిచారము మరొక మెట్టు ఎక్కుచున్నది. మొదటి నామము ‘విశ్వమ్’ నపుంసకలింగము, రెండవది ‘విష్ణుః’ పుంలింగము. నిష్ఠా, శాంతిః, సత్కృతిః, సత్తా అని స్త్రీలింగనామములున్నవి. ముక్తులకు పరమమైన గతి అని చెప్పు చోట గతిశబ్దము స్త్రీలింగము కనుక ‘పరమా’ అని దాని విశేషణము. ఒకే స్వామికి మూడు లింగముల నామములు ఎట్లు పొసగును? శంకరభగవత్పాదుల పేర ప్రసిద్ధమైన భాష్యము ఆరంభములోనే సమాధానము చెప్పినది. పుంలింగనామమునకు విష్ణువు విశేష్యము, స్త్రీలింగనామమునకు దేవత విశేష్యము, నపుంసకమునకు బ్రహ్మము విశేష్యము అని దాని తాత్పర్యము. ఎంత నిర్మలమైన పరిష్కారము! విశేషణము తప్పు అనలేదు, దానిని దిద్దలేదు. ఆ విశేషణమునకు సరిపోయే విశేష్యము ఆయనలోనే ఉన్నదని చూపినది. నామావళిగా అర్చన చేయునపుడు చతుర్థీవిభక్తిలో పుంనపుంసకభేదము చాలవరకు కరగిపోవును, ‘విశ్వస్మై’ అనునది రెండు లింగములలోను ఒక్కటే. ‘శాంత్యై’ అనినప్పుడు మాత్రము స్త్రీత్వము స్పష్టముగా వినబడుచునే ఉండును. శంఖచక్రగదాధరునికి స్త్రీలింగములో నమస్కారము చెల్లుచున్నప్పుడు, నమస్కరించునామెకు స్త్రీలింగము ఎందుకు చెల్లదో నాకు తెలియరాదు.

ఇక పరమార్థదృష్టి. తైత్తిరీయోపనిషత్తులో బ్రహ్మమును నిర్వచించు చోట సత్యము, జ్ఞానము, అనంతము అను మూడు పదములు బ్రహ్మశబ్దముతో సమానవిభక్తిలో నిలిచినవి. శంకరులు అక్కడ ఒక ఆక్షేపమును తామే లేవదీసినారు. ‘నీలమ్ ఉత్పలమ్’ అనుట ఎందుకు? ఎఱ్ఱకలువలు కూడ ఉన్నవి కనుక. ఒకే జాతిలో అనేకములున్నప్పుడే విశేషణము సార్థకము. సూర్యుడు ఒక్కడే, బ్రహ్మము ఒక్కటే. మరి విశేషణమెందుకు? అవి ఇతరములనుండి వేరుచేసి స్వరూపమును తెలుపు లక్షణమునకై వచ్చినవని వారి సమాధానము. భగవద్రామానుజులు ఈ త్రోవను అంగీకరింపలేదు. సామానాధికరణ్యమనగా వేర్వేరు నిమిత్తములు గల పదములు ఒకే వస్తువునందు నిలుచుట. నీలత్వమును తొలగించి కలువను మాత్రమే మిగుల్చుట కాదు, కలువ నిజముగా నీలమైనదే. చిదచిత్తులు బ్రహ్మమునకు నిజమైన విశేషణములు, శరీరము ఆత్మనువలె ఆయనను విడువక ఆశ్రయించినవి. ఒకే వ్యాకరణనియమముపై రెండు మహాదర్శనములు భిన్నమార్గములు పట్టినవి. సింహాచలము నీడలో పెరిగినవాడనగుటచేత రెండవది నాకు చెవికి ఇంపుగా ఉండును. అధ్యయనము చేసినది మొదటిది. తేల్చుట నా పని కాదు.

రెండు మార్గములవారికిని సమ్మతమైనది ఒకటి ఉన్నది. ఛాందోగ్యములో ఉద్దాలకుడు శ్వేతకేతువునకు తొమ్మిది పర్యాయములు చేసిన ఉపదేశములో శిష్యుని ‘త్వమ్’ అనినాడు. ఎదుట ఉన్నది కుమారుడు. అయినను ఆ పదములో కుమారుడు, పురుషుడు, బ్రాహ్మణుడు అను జాడ ఏదియు లేదు. బృహదారణ్యకములో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి ఆత్మతత్త్వమును బోధించినాడు. ఉద్దాలకుని ఆ మాటనే మైత్రేయికి చెప్పవలసివచ్చిన, ఒక్క అక్షరము మార్చనక్కరలేదు. తెలుగులో మాత్రము ఒక చమత్కారమున్నది. ‘నేను దాసుడను’, ‘నేను దాసిని’ అని తెలుగు విధేయపదము లింగముతోపాటు పురుషమును కూడ పట్టుకొనును, సంస్కృతమునకు ఆ అలవాటు లేదు. ‘నేను బ్రహ్మమును’ అనినప్పుడు చివరనున్న ‘ను’ ఉత్తమపురుషను తెలుపును. ‘బ్రహ్మమును తెలిసికొంటిని’ అనినప్పుడు చివరనున్న ‘ను’ ద్వితీయావిభక్తి. వ్రాతలో రెండును ఒక్కటే. ఒకచోట బ్రహ్మము తెలియబడునది, ఒకచోట తానే. పాఠము చెప్పునపుడు ఈ రెండు వాక్యములను ప్రక్కప్రక్కన వ్రాసి, ఏమియు వ్యాఖ్యానింపక ఊరకుందును.

వ్యావహారికములోనికి వచ్చినచో, మన శుభలేఖలలో వరుని పేరు ముందు ‘చి.’, వధువు పేరు ముందు ‘చి.ల.సౌ.’ అని వ్రాయుదుము. భర్త పోయిన స్త్రీకి పాత లేఖలలో, దస్తావేజులలో ‘గం.భా.’ అని వ్రాసేవారు, గంగాభాగీరథీసమానురాలని. పురుషునికి భార్య ఉన్నను, పోయినను విశేషణము మారదు. స్త్రీకి మారినది. గౌరవముగానే వ్రాసినారు, కాని ఆ విశేషణము ఆమె అడిగి తీసికొన్నది కాదు. ‘గోత్రవత్యాః’ అను పదములో భర్త జీవించి ఉన్నాడో లేడో చెప్పే అంశము లేదు. ఇప్పుడు పారాయణకు వచ్చే స్త్రీలలో సుమంగళులు కూడ కొందరు, భర్త పూజలో కూర్చొనని దినమున, ఆ కాగితము చూచియే సంకల్పము చెప్పుకొనుచున్నారు.

మా అత్త రెండవ కార్తికమునకు కాగితము చూడక చెప్పుచున్నది. ‘గోత్రవత్యాః’ దగ్గర కొంచెము ఆగి, గొంతు సవరించుకొని, తన పేరు చెప్పి, ‘నామధేయవత్యాః’ అని, ‘మమ’ అనును. ఆత్మప్రదక్షిణములో ‘పాపాహమ్’ అనుట ఆమెకు ఇంకను నోరు తిరుగలేదు, ఒక దినము ఓకారము, ఒక దినము ఆకారము పలుకును. మొన్న నన్ను అడిగినది: “పాపాత్మా అన్నది మారదన్నావు కదా?” మారదంటిని. “అయితే ఆ ఒక్కటీ నాకు వచ్చేసినట్టే, మిగతావి నెమ్మదిగా చూద్దాం” అని దీపములో నూనె పోయసాగినది.